పక్కింటి బావకూ అదే నీరసం

ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. ఆ రోజుల్లో దుబాయి నుంచి మనిషి రావాలంటే ఏళ్లు పట్టేది, మనిషి గొంతు రావాలన్నా నెలలు పట్టేది. సిరిసిల్లలో మరమగ్గాలు ఆగిపోయి మా ఆయన దుబాయి పోయారు. ఉత్తరం రాసేంత చదువు నాకు లేదు. అందుకని ఆయన మాటలన్నీ క్యాసెట్టులో నింపి, సెలవుకు వచ్చేవాళ్ల చేత పంపేవారు. నేనూ అలాగే జవాబు నింపేదాన్ని. పాత క్యాసెట్టును వంట చేస్తూ, బట్టలుతుకుతూ వింటూనే ఉండగా, కోరుట్ల ఆయనెవరో కొత్తది తెచ్చిచ్చారు. పెట్టి విందును గదా, మా ఆయన గొంతు బావిలోంచి వస్తోంది! మాటకొక మూలుగు.

"అత్తమ్మా, మీ కొడుక్కు పానం బాగలేదు!"

"అయ్యో కొడుకా, గొంతే పడిపాయె గదరా!" అని అత్తమ్మ శోకం పెట్టింది.

నేను ఏడుస్తూ అదే టేపురికార్డరులో, పాత క్యాసెట్టు మీద జవాబు నింపాను. "గా నౌకరి పాడుగాను, ఇడిసిపెట్టి ఇంటికి రాండ్రి!" అది పట్టుకుపోయే మనిషి ఆ సాయంత్రమే బయలుదేరుతున్నాడు. అందితే మా ఆయన నిజంగానే వచ్చేసేవారు (అప్పట్లో నా మాట వినేవారు లెండి). వస్తే ఇక్కడ పనేది, తిండేది?

జగిత్యాలలో డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చిన మా ఆడబిడ్డ, టేపు విని నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

"ఆగు వదినా. ఆకాశంల క్వేజార్లని ఉంటయి, మస్తు దూరం. వాటి వెలుగు పెరుగుతది, తగ్గుతది. మనకందేది ఎన్నడో బయలెల్లిన వెలుగు."

"మీ అన్న పానం మీదికస్తె నీకు ఆకాశం యాదికచ్చిందా?"

"ఇనరాదు! వెలుగు తగ్గిందంటె గదే తగ్గిందో, మనం చూసే దుర్భిణికే మసకపట్టిందో ఎట్ల తెలుస్తది? అందుకే పక్కన మారకుంట ఉండే చుక్కలను గూడ చూస్తరు. అవి గూడ తగ్గినయంటె లోపం మన దిక్కే."

అంటూనే పక్కింటి అక్క దగ్గరికి పోయి, వాళ్లాయన దుబాయి నుంచి పంపిన క్యాసెట్టు తెచ్చి మా టేపులో పెట్టింది. ఆ బావ మాట్లాడితే గల్లీ చివరిదాకా వినబడేది. ఆయనా మూలిగాడు! వెనకే వచ్చిన అక్క గుండె బాదుకుంది. "మా ఆయనకేమాయెనే? పొద్దుగాల మా ఇంట్ల మంచిగనే మాట్లాడిండు గదనే!"

ఆడబిడ్డ టేపురికార్డరులో నీరసించిన బ్యాటరీ సెల్లులు తీసి కొత్తవి వేసింది. ఇద్దరు మొగుళ్లూ ఒక్కసారిగా కోలుకున్నారు. ఇంతకీ మా ఆయన చెప్పిందేమిటంటే, అక్కడి పప్పులో ఉప్పు సరిపోవడం లేదని.

నా ఏడుపు మీదనే మంచి మాటలు నింపి పంపాను. చివర కొంచెం ఏడుపు మిగిలిపోయిందట. నీరసపు సెల్లులతో మెల్లగా తిరుగుతుండగా నింపింది కాబట్టి, అక్కడి మంచి టేపులో అది గబగబా పిట్టకూతలా వినబడిందట. "ఆఖరికి కిచకిచ ఏడుస్తున్న గా పోరి ఎవలే?" అని తరువాతి క్యాసెట్టులో ఆయన అడిగారు.

ఇప్పుడాయన ఇక్కడే, నా పక్క మంచం మీదనే ఉన్నారు. నేను అలిగి మాట తగ్గిస్తే చాలు, "సెల్లులు మార్చాల్నానే?" అంటారు. అప్పుడు నాకూ ఆ కిచకిచ పోరి గొంతు, ఎన్నడో బయలుదేరి ఇప్పుడే అందినట్టు, వినబడుతుంది. మీ ఇంట్లోనూ ఎవరి గొంతూ తగ్గకూడదు తల్లీ. ఒకవేళ తగ్గినట్టనిపిస్తే, అది సెల్లుల నీరసమే కావాలి. మీ ఇల్లు చల్లగుండాలి.