అత్తగారి రాగిరేకు, నా కుంకుమ గిన్నెలు

మొన్న మా గృహప్రవేశానికి ముందురోజు నేను చేసిన ఘనకార్యం చెప్తాను, వినండి. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, మా అత్తగారి చెవిన మాత్రం వెయ్యకండి. మీకు దణ్ణం పెడతాను!

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్తానని మీకు తెలుసుగా. గన్నవరంలో ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళకి రిటర్న్ గిఫ్ట్ ఏమివ్వాలా అని మా ఆవిడ సుజాత తల బద్దలుకొట్టుకుంటోంది. సరిగ్గా అప్పుడే యూట్యూబ్‌లో ఒక వీడియో నా కంటపడింది. ఎవరో విదేశీయుడు తన గ్యారేజీలో కూర్చుని, తుపాకీ గుండు అడుగున తొడిగే బుల్లి బుల్లి రాగి మూతలు చేస్తున్నాడు. గుండు సీసంతో పోసిందట, మందు పేలినప్పుడు వెనక నుంచి వేడి గ్యాస్ తగిలి పాడవకుండా ఆ మూతట. రేకు పెట్టడం, నొక్కడం, టక్కున మూత ఊడిపడటం! మనకి గుళ్ళతో పనేముందండీ? ఆ మూతని కాస్త పెద్దది చేసి తిరగేస్తే నాకు కుంకుమ గిన్నె కనిపించింది.

"సుజాతా, గిఫ్టులు బజార్లో కొనొద్దు. రాగి కుంకుమ గిన్నెలు నేనే చేస్తా!" అన్నాను.

"మీరా?" అంది. ఆ ఒక్క మాటకే నాకు రోషం వచ్చేసింది!

ఆటోనగర్‌లో పంచ్, డై చేయించాను. పాత కారు జాకీని ఇనప చట్రంలో బిగించాను. డైలో గుంట, దాని మీద రేకు, ఆ పైన పంచ్. జాకీ కొడుతూ పోతే రేకు గుంటలోకి దిగి గిన్నె అవ్వాలి. అవ్వాలి అంటున్నాను, అయిందనటం లేదు! ముందు కూల్‌డ్రింక్ టిన్ను కోసి పెట్టాను. పర్రున చిరిగింది. అల్యూమినియం రేకు పెడితే చుట్టూ పరికిణీ కుచ్చిళ్ళలా ముడతలు. తర్వాతది డైలో ఇరుక్కుని ససేమిరా రానంది. కొబ్బరినూనె రాశాను, లాభం లేదు. ఆముదం రాస్తే వచ్చింది గానీ ఒకవైపు ఎత్తు, ఒకవైపు పల్లం. అంచు బ్లేడే!

సుజాత దాన్ని వేలితో తడిమి, "వచ్చినవాళ్ళకి బొట్టు పెడదామనా, రక్తం తీద్దామనా?" అంది.

"లోపం మిషన్‌లో లేదోయ్, మెటల్‌లో ఉంది. మెత్తటి రాగిరేకు కావాలి. గవర్నర్‌పేట వెళ్ళినప్పుడు ఒకటి పట్రా," అన్నాను.

"చూస్తాలెండి," అంది. ఆ 'చూస్తాలెండి'ని నేను నమ్మాను. అదీ నా ఖర్మ!

ఇక ముందురోజు. పొద్దున్నే మా అత్తగారు పెడన నుంచి బస్సులో వచ్చారు. మధ్యాహ్నం భోంచేసి లోపలి గదిలో నడుం వాల్చారు. సుజాత కొత్తింటి దగ్గర షామియానా సంగతి చూడ్డానికి వెళ్ళింది. నేను ఆముదం సీసా కోసం అలమార తెరిచానా... ఎదురుగా పసుపు గుడ్డలో చుట్టిన పొట్లం! విప్పితే తళతళలాడే రాగిరేకు!

పసుపు గుడ్డ చూసైనా బుద్ధి ఉండక్కర్లేదా అంటారేమో. అయ్యా, మా ఆవిడ వాళ్ళది చేనేత కుటుంబం. వాళ్ళకి గుడ్డ చుట్టకపోతే తోచదు. మా ఇంట్లో టీవీ రిమోట్‌కి కూడా జాకెట్ ముక్కే! పైగా ఆ రేకు మీద అడ్డంగా, నిలువుగా గీతలు గీసి గడులున్నాయి. గడికో అంకె! ఆహా, షాపువాడు ఎంత మంచివాడు, కోసుకోవడానికి వీలుగా గీతలు కొట్టి, ముక్కలకి నెంబర్లు కూడా వేసిచ్చాడు అనుకున్నాను. అనుకున్నానండీ, నిజంగా!

గీతల వెంబడే కత్తిరించాను. ముక్కల్ని స్టవ్ మీద ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాను. రాగి మెత్తబడటానికి అలా చేస్తారు. దానికంటిన పసుపు కాలి ఇల్లంతా హోమం వాసన. అయినా నాకు వెలగలేదు! డై మీద పెట్టి జాకీ కొట్టాను. ఏం చెప్పమంటారు! ముడత లేదు, చిరుగు లేదు, నున్నటి గిన్నె చేతిలో పడింది. ఇంకోటి. ఇంకోటి!

సుజాత గుమ్మంలోకి రాగానే అరచేతిలో పెట్టాను. మురిసిపోయింది. గిన్నెలోకి తొంగి చూసింది.

"అడుగున ఆరు అంకె ఏంటండీ?"

"నువ్వు తెచ్చిన రేకు మీదుందిగా! చూడు, డిజైన్‌లా ఎంత బాగా కుదిరిందో!"

"నేనెక్కడ తెచ్చానండీ రేకు?"

ఇద్దరం ఒకేసారి అలమార వైపు చూశాం. పసుపు గుడ్డ ఖాళీగా వేలాడుతోంది. సుజాత కుర్చీలో కూలబడిపోయింది.

"గడప కింద పెట్టే యంత్రమండీ అది! అమ్మ మండలం రోజులు పూజ చేసి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది!" అంది. ఏడుపొక్కటే తక్కువ.

లోపల అత్తగారి గురక వినిపిస్తోంది. ఆవిడకి తెలిస్తే రేపు ఆ ఇంట్లో కాలు పెడతారా? కూతురి ముచ్చట అంతా బూడిదేగా! మా ముహూర్తం పెట్టిన సిద్ధాంతిగారికి ఫోన్ చేశాను.

"చిన్న పొరపాటండీ... ఆ యంత్రం..."

"కింద పడిందా?"

"లేదండీ."

"వంగిందా?"

"వంగిందండీ. గిన్నెలుగా."

"గిన్నెలా?!" అన్నారు.

"కొన్ని గడులు ఇంకా ఉన్నాయండీ," అన్నాను, అదేదో శుభవార్తలా.

"యంత్రం పోగొట్టుకున్నవాళ్ళని చూశాను గానీ, వండుకున్నవాళ్ళని మిమ్మల్నే చూడటం! సరే, నా పూజలో ఇంకోటి ఉంది, తెస్తాను. ఆ గిన్నెలు కృష్ణలో కలిపెయ్యండి. రేపు మాత్రం మీరు ముట్టుకోకండి మహానుభావా!"

తెల్లారి ముహూర్తం. కొత్త యంత్రం అదే పసుపు గుడ్డలో బయటికొచ్చింది. సుజాత నా చెవిలో, "చేతులు వెనక్కి కట్టుకోండి. సిమెంటు వేసేదాకా ముందుకొచ్చాయో!" అంది. బుద్ధిగా కట్టుకున్నాను.

అత్తగారు ఊరుకుంటారా? "అల్లుడుగారు అలా నిలబడ్డారేంటండీ?" అని అందరిముందూ అడిగేశారు. నా ప్రాణం పోయింది! సిద్ధాంతిగారు తల కూడా ఎత్తలేదు.

"యంత్రం పెట్టేవేళ యజమాని అలాగే ఉండాలమ్మా. శ్రేష్ఠం!"

అంతే! షామియానా కింద ఉన్న మగాళ్ళంతా చేతులు వెనక్కి కట్టేసుకున్నారు. వీడియో అబ్బాయి అందరినీ వరసగా తీశాడు.

గండం గడిచిందనుకున్నాను. నిన్న మా తోడల్లుడు ఫోన్ చేశాడు. వచ్చేనెల హనుమాన్ జంక్షన్‌లో వాళ్ళ గృహప్రవేశం.

"అన్నయ్యా, అత్తయ్యగారు మరీ మరీ చెప్పారు, యంత్రం పెట్టేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకోవాలటగా. ఏ చెయ్యి పైన ఉండాలి?"

సుజాత పక్కనే నిలబడి నన్నే చూస్తోంది.

"ఎడమ చెయ్యి, తమ్ముడూ," అన్నాను. "దాంతో కుడి చేతిని గట్టిగా పట్టుకోవాలి. ఏం జరిగినా వదలకూడదు!"