మేస్త్రీ తిన్న చలిమిడి

మా మైకా షెడ్డు మేస్త్రీ ఈ రోజు పొద్దున్నే రమణమ్మ పేరు హాజరు మస్టరులోంచి కొట్టేశాడు. ఆమెకు ఏడో నెల. నా పక్కనే కూర్చుని కత్తితో అభ్రకం పొరలు విడదీస్తుంది. నిన్న ఆమె సీమంతానికి ఇదే మేస్త్రీ భార్యతో వచ్చి, అక్షింతలు వేసి, చలిమిడి రెండోసారి అడిగి మరీ తిన్నాడు.

రమణమ్మ కత్తి కింద పెట్టి ఇంటికి పోవడానికి లేచింది. నేనే అడిగాను.

"కాన్పుకి కూలితో సెలవియ్యాలని చట్టం వచ్చిందని రేడియోలో చెప్పినారు గదన్నా?"

"అందుకే గదమ్మా ఇప్పుడే తీసేసింది. ఇంకో నెలుంటే ఆ సెలవు మా ఓనరు నెత్తిన పడుతుంది."

"మరి నిన్న దీవించినావే?"

"దీవెన ఇంటికాడ. ఇక్కడ పని."

మధ్యాహ్నం ఆయన భార్య కుంకుమ భరిణెతో షెడ్డుకే వచ్చింది. గురువారం వాళ్ల కూతురి సీమంతమట, అందరూ రావాలట. బొట్టు పెట్టబోతే తల వెనక్కి తీశాను.

"ముందు రమణమ్మకు పెట్టి రా వదినా, తర్వాత నాకు పెడుదువుగాని," అన్నాను. భరిణె మూతపెట్టి వెళ్లిపోయింది.

పేరంటం బొట్టు కాదనడం మహాపాపమని పక్కవాళ్లు సాయంత్రం దాకా నన్ను సాధించారు. పొద్దున రమణమ్మ పేరు కొట్టేసినప్పుడు వీళ్లలో ఒక్కరికీ పాపం గుర్తురాలేదు. మీరు చెప్పండి, ఆ బొట్టు నేను పెట్టించుకోవాల్సిందా?