సింహం ముందుకు కొత్త చీర

పెళ్ళయి బహదూర్‌పురా వచ్చిన మొదటి తెల్లవారుజామున ఒక గర్జన విని మంచం మీద లేచి కూర్చున్నాను. నేను మలక్‌పేటలో గుర్రప్పందేల మైదానం పక్కన పుట్టి పెరిగినదాన్ని. గుర్రాల సకిలింపు తెలుసు గాని ఇదేందో తెలియలేదు. పక్క గదిలోంచి అత్తమ్మ, "భయపడకు బిడ్డా, జూ పార్కు సింహం. అది లేచిందంటే మనం పాలు పిండాలె," అని బకెట్టు తీసుకుని కొట్టంలోకి పోయింది. మా ఇంట్లో గడియారాన్ని ఎవరూ నమ్మరు. పదకొండు బర్రెలు, ఒక సింహం చెప్పినట్టే పొద్దు నడుస్తుంది.

ఆ సింహాన్ని అత్తమ్మ ఒక్కసారి కూడా చూడలేదని నాకు తెలిసింది పోయిన ఏడాదే. నలభై ఏండ్లుగా దాని అరుపుకు లేస్తోంది. "ఈ నడుమ ఎన్ని సింహాలు మారినయో, గొంతు మాత్రం గదే," అంటుంది.

"మరి ఎందుకు పోలేదత్తమ్మా?"

"ఎప్పుడు పోవాలె? పొద్దుగాల పాలు, మల్ల మూడు గొట్టంగ పాలు. ఒక్కపారి అది లేచి నిలవడితే చూడాలనుండె," అంది. వెంటనే, దాణా నానబెట్టినవా అని మాట మార్చింది. నాకు మాత్రం ఆ "ఉండె" దగ్గరే మనసు ఆగిపోయింది.

ఆ సాయంత్రమే ప్లాను వేశాను. మా ఆయన ఇండ్లకు పాలు పోసి వచ్చేసరికి తొమ్మిదవుతుంది. మూడింటికి మళ్ళీ పిండాలి. నడుమ ఉన్న ఆరు గంటల్లో సింహాన్ని చూసి రావాలి. ఏ రోజు పోవాలన్నది పెద్ద లొల్లి అయింది. శుక్రవారం కొట్టంలో పూజ. శనివారం అత్తమ్మకు ఒక్కపొద్దు. ఆదివారం దావత్‌లకు పెరుగు పంపాలి. మంగళవారం ఆమె ఏ కొత్త పనీ మొదలుపెట్టదు. "సోమవారం పోదం, జనం ఉండరు," అన్నాడు మా ఆయన.

నిజంగానే ఎవరూ లేరు. సోమవారం జూకు సెలవు. రోజూ ఆ గేటు ముందునుంచే క్యాన్లు వేసుకుని తిరిగే మనిషి, ఇన్నేళ్ళలో బోర్డు మాత్రం చదవలేదు. కట్టుకుపోయిన పులిహోర ఇంటికొచ్చి కొట్టం ముందు కూర్చుని తిన్నాం. "సింహానికి గూడ సెలవు దొరుకుతది," అంది అత్తమ్మ. నవ్వుతూనే అంది గాని నాకు నవ్వు రాలేదు.

ఈసారి బుధవారం అనుకున్నాం. నా ప్లానులో ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటుంది. పదిమందిలోకి పోతున్నాం, అత్తమ్మ దగ్గర పెండ వాసన రాకూడదు. అవును, నాకు సిగ్గుగా ఉండేది. అందుకని చందనం సబ్బు, కొత్త చీర, చార్మినార్ దగ్గర కొన్న అత్తరు సిద్ధం చేశాను. ఆ ఒక్క పూట పాలు మా ఆయన పిండుతానన్నాడు. తొమ్మిదింటికల్లా అత్తమ్మ పెండ్లికి పోతున్నట్టు తయారైంది. ఆటో వచ్చి నిలబడింది.

అప్పుడు మా ఆయన కొట్టంలోంచి మొహం వేలాడేసుకుని వచ్చాడు. విరిగిన కొమ్ము బర్రె పొద్దుటినుంచీ చేపలేదట, ఇండ్లకు పాలు పోసి వచ్చి మళ్ళీ కూర్చున్నా అంతేనట. దూడను విడిచినా, దాణా పెట్టినా, బతిమాలినా చుక్క పాలు దించలేదు. అది అత్తమ్మ చేతికి తప్ప చేపదని ఇంట్లో అందరికీ తెలుసు. నా ప్లానులోనే రాసుకోలేదు.

"పొదుగు గట్టిపడితే దానికి గోసైతది," అని అత్తమ్మ కొత్త చీర కుచ్చిళ్ళు దోపుకుని లోపలికి పోయింది. బర్రె ఆమె భుజానికి ఒళ్ళంతా రుద్దింది, తడి తోకతో వీపు మీద నాలుగిచ్చింది. బయటికి వచ్చేసరికి అత్తరు మీద పెండ వాసన పూర్తిగా గెలిచింది. చీర మార్చుకోమన్నాను. "టైమేడుంది? ఎక్కు," అంది. ఆటో భాయ్ ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు. నేను దారంతా రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాను.

సింహం మాకు వీపు పెట్టి పడుకుని ఉంది. జనం ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. తోక కూడా కదపలేదు. "నన్ను నలభై ఏండ్లు పండనియ్యలే. గిప్పుడు సూడు, ఎట్ల పన్నదో," అంది అత్తమ్మ. కోపంగా మొదలుపెట్టింది గాని చివరికి గొంతు తగ్గిపోయింది. పన్నెండు దాటింది. "పా బిడ్డా, బర్రెలు చూస్తుంటయి," అని వెనక్కి తిరిగింది.

గాలి మా మీదినుంచి సింహం వైపు మళ్ళింది. సింహం చెవి కదిలింది. తల ఎత్తింది, లేచింది. అంతమంది జనాన్ని వదిలేసి, కందకం అంచుదాకా నేరుగా నడిచి వచ్చి, అత్తమ్మకు ఎదురుగా నిలబడింది. ఈలలు ఆగిపోయేసరికి అత్తమ్మ మళ్ళీ ఇటు తిరిగింది. అక్కడున్న జూ మనిషి గాలి పీల్చి మా వైపు చూశాడు.

"అమ్మా, ఘర్‌మే భైంసాఁ పాల్తే క్యా?" అన్నాడు, ఇంట్లో బర్రెల్ని సాకుతారా అని.

"పదకొండున్నయ్," అంది అత్తమ్మ, సింహం మీదినుంచి చూపు తీయకుండా. సింహం రోజూ తినేది బర్రె మాంసమేనని, వాసన పట్టిందని అతను నాకు చెప్పాడు. అత్తమ్మ చెవికెక్కినట్టు లేదు. "లేచినవా?" అని అడుగుతోంది సింహాన్ని, రోజూ పొద్దున మమ్మల్ని అడిగినట్టే. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మూడింటికి కొట్టంలో ఉన్నాం. ఉతుకుతానంటే అత్తమ్మ ఆ చీర ఇవ్వలేదు. "మల్ల పోయినప్పుడు గిదే కట్టుకుంట," అని మడత పెట్టి, బీరువాలో కాదు, కొట్టంలో దండెం మీద వేసింది.