దెయ్యం ఆటలో సూరమ్మ

మొన్న ఆదివారం మా వంటింట్లో మేనకోడలు జ్యోతి దీపం మసిని కొబ్బరినూనెలో రంగరిస్తుంటే, ఆ వాసన హాల్లోకి వచ్చి నన్ను కూర్చున్నచోటే నిలేసింది. నర్సీపట్నంలో డిగ్రీ చదువుతున్న జ్యోతి, స్నేహితులతో కలిసి పది నిమిషాల దెయ్యం సినిమా తీస్తోంది. దెయ్యం పాత్ర గురించి నోట్‌బుక్‌లో రాసుకున్నది చదివి వినిపించింది: విరబోసిన జుట్టు, సగం కాలిన మొహం, కాలీడుస్తూ నడక.

"ఈ వేషం నువ్వే వెయ్యాలత్తా. సిన్నప్పుడు దెయ్యం ఆటలో నువ్వే ఫస్టంట కదా, నాన్న సెప్పాడు," అంది.

నిజమే. మాకవరపాలెం దగ్గర మా ఊళ్ళో, వేసవి సెలవుల్లో జీడిమామిడి తోటల నిండా ఎర్రటి, పచ్చటి పళ్ళు రాలి పులిసిన వాసన వేస్తుంటే, వాటిని ఉప్పద్దుకుని తిని గొంతులు గీరుకుపోయి, గౌన్ల మీద ఎంత ఉతికినా వదలని మరకలు చేసుకుని, ఇంట్లో తిట్లు తింటూ మేం ఏడెనిమిదిమంది పిల్లలం ఆడిన ఆటల్లో దెయ్యం ఆటే గొప్పది. ఆ దెయ్యానికో పేరుండేది. సూరమ్మ.

తోట చివర పాకలో ఒక్కతే ఉంటూ, చిల్లుల రేకు మీద జీడిపిక్కలు కాల్చి, కొట్టి, పప్పు అమ్ముకునే మనిషి ఆవిడ. ఎప్పుడో పిక్కల్లోంచి చిమ్మిన నూనె అంటుకుని మొహం ఒకవైపు, ఒక కాలు కాలిపోయాయట. మా పెద్దవాళ్ళు పప్పు ఆవిడ దగ్గరే కొనేవారు. అన్నం తినని పిల్లల్ని బెదిరించడానికీ ఆవిడ పేరే చెప్పేవారు.

ఒక మధ్యాహ్నం నేను చెంపకి కొబ్బరినూనెలో రంగరించిన బొగ్గు పులుముకుని, జడ విప్పుకుని, కాలీడుస్తూ వస్తుంటే కేరింతలు కొడుతున్న పిల్లలంతా ఒక్కసారిగా పరుగందుకున్నారు. వెనక్కి తిరిగాను. బుట్ట చంకనెట్టుకుని సూరమ్మ.

"నడక బాగా పట్టినావే," అంది. గొంతులో కోపం లేదు. "మొకమే తప్పు. నాకు కాలింది ఎడమేపు. నువ్వు కుడేపు పూసినావు."

చెంగుతో నా చెంప తుడిచింది. జీడి తగిలి నల్లగా బెరడు కట్టిన వేళ్ళు. తుడవడం మాత్రం మా అమ్మ తుడిచినంత మెత్తగా ఉంది.

"నన్ను సూస్తే అంత బయమేటే?"

అవునన్నాను. ఆవిడ తలూపి, బుట్ట సర్దుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ నేనా ఆట ఆడలేదు, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. తప్పయిందని చెబుదామని రెండుసార్లు పాక దాకా వెళ్ళి, ధైర్యం చాలక తిరిగొచ్చేశాను. మరుసటి వేసవికి సూరమ్మ లేదు. జ్వరంతో పోయిందన్నారు.

ఇదంతా మొదటిసారి జ్యోతికే చెప్పాను. జ్యోతి నోట్‌బుక్‌లో ఒక లైను కొట్టేసింది.

"కాలిన మొకం తీసేస్తానత్తా. మరి జనం దేనికి బయపడతారు?"

"ముందు ఆ మనిషెవరో రాయి. భయం సంగతి తర్వాత చూద్దాం."

ఇప్పుడా తోట లేదు, ప్లాట్ల రాళ్ళున్నాయి. పిక్కల్ని మిషన్లే ఒలుస్తున్నాయి. ఉప్పద్దుకుని ఆ పళ్ళు తినే పిల్లలు నాకెక్కడా కనిపించలేదు.

జ్యోతి కొత్త పేజీ తిప్పింది. "ఆవిడ నవ్వితే ఎలాగుండేది? ఏటి ఇష్టం? ఎవరైనా ఉండేవారా ఆవిడకి?"

"తెలీదే," అన్నాను.

పాక దాకా వెళ్ళిన ఆ రెండుసార్లలో ఒక్కసారైనా నేను ఇంకాసేపు నిలబడి ఉంటే, సూరమ్మే ఏదో ఒకటి చెప్పి ఉండేది.