వంతు బిందె

మొన్న సూరత్‌లో మా అపార్ట్‌మెంటు ట్యాంకు కడుగుతూ నీళ్లన్నీ కాలువలోకి వదిలేస్తుంటే, పై నుంచి చూస్తూ నిలబడిపోయాను. ఆ చప్పుడుకు ఇప్పటికీ ఒక కొండ ఊట గుర్తొస్తుంది.

ఇంజనీరుగా ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది, వానలు మొహం చాటేసిన సూరత్‌కు తూర్పునున్న డాంగ్ కొండల్లో ఊటలు కొలిచే పని నాకు పడింది. సూరత్ లింబాయత్‌లో ఉంటూ అద్దె జీపు నడిపే మా బావ తోడొచ్చాడు. దారిలో నేను రాసుకున్నవి: ఎండిన వాగులు మూడు, నిలువునా మాడిన వెదురుపొదలు, తాళాలు పడ్డ ఇళ్లు, బార్డోలీ చెరకు కోతకు కూలీలను ఎక్కించుకుంటున్న లారీ ఒకటి.

ఊట అంటే రాళ్ల మధ్య మోకాలి లోతు గుంట. పక్కన ఖాళీ బిందెలు వరసగా ఉన్నాయి, మనుషులు లేరు. నీరు ఊరే వేగం తెలియాలంటే గుంటను ఖాళీ చేసి, మళ్లీ ఎంతసేపట్లో నిండుతుందో చూడాలని నాతో చదివిన వాళ్లందరికీ తెలుసు. నేనూ అలాగే తోడి రాళ్లమీద పారబోసి, గడియారం చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు ఒకామె పరుగున వచ్చింది. అక్కడ వరసలో బిందె పెట్టి వెళ్తే మనిషి నిలబడ్డట్టేనట. మొదటి బిందె ఆమెది. పొద్దుటి నుంచి ఊరిన నీళ్లు ఆమె వంతు. తాను చెరకు కోతకు లారీ ఎక్కేలోపు, ఊట దాకా దిగలేని నిండుచూలాలైన తోడికోడలికి ఆ బిందె నింపి పెట్టాలి.

కింద దారిలో లారీ హారన్ మోగింది. బావ నా పక్కకొచ్చి మెల్లగా, “ఏంది బామ్మర్దీ, గిట్ల జేస్తివి? గిన్ని బిందెలు కండ్లవడలేదా?” అన్నాడు. దిగి వెళ్లి జీపును లారీకి అడ్డంగా పెట్టి, బానెట్ ఎత్తి, ఇంజను చచ్చిందని, ఇంజనీరు పైనున్నాడని, ఆయనొస్తేగానీ కదలదని కూలీల మేస్త్రీతో హిందీలో చెప్పాడు. మేస్త్రీ తిట్లు పైదాకా వినిపించాయి.

నీళ్లు పది నిమిషాలకు రెండు వేళ్లు లేచాయి. రాసుకున్నాను. ఆమె నా గడియారం వైపు చూసి అడిగింది.

“కొలిచావుగా సాబ్. ఎప్పుడు నిండుతుందో చెప్పు.”

లెక్క నా దగ్గరుంది. ఇంకా గంటంబావు అని చెప్పాను. అప్పటికే కూలీలంతా దిగి జీపును పక్కకు నెట్టేస్తున్నారు. ఆమె అడుగున కాసిని నీళ్లున్న బిందెను నా చేతికిచ్చి, తోడికోడలి ఇల్లు చూపించి, కొడవలి తీసుకుని దిగిపోయింది. బిందె నిండేదాకా ఉండి నేనే మోసుకెళ్లి ఇచ్చాను. ఆలోగా వచ్చిన తర్వాతి వంతు ఆడవాళ్లు తమ బిందెల పక్కన కూర్చుని ఎదురుచూశారు.

ఇప్పుడక్కడ కుళాయి వచ్చిందని, ఎండాకాలంలో అదీ ఎండుతుందని, వంతుకు బిందె పెట్టే ఆడవాళ్లే ఊళ్లో తగ్గిపోయారని విన్నాను. నా పాత పుస్తకంలో లోతు, వెడల్పు, సమయం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ బిందె నిండిందని ఆమెకు ఎవరైనా చెప్పారో లేదో మాత్రం నాకు ఈరోజుకీ తెలియదు.