సలసేనికి కూడా తెలియని పాస్‌వర్డ్

సలసేనికి మనుషుల్ని నమ్మడం అంత తేలిగ్గా వచ్చేది కాదు. మా దీవుల రాజధాని సువా బజారులో చామదుంపల కుప్ప కొంటే అడుగున ఉన్నవి తీసి చూడందే సంచిలో వేసుకునేది కాదు. ఆఫీసులో సొరుగుకు తాళం వేశాక మూడుసార్లు లాగి చూసేది. "మా పిల్ల తన నీడ కనపడినా నీ పేరేంటని అడుగుతుంది" అని వాళ్లమ్మ లెవుకా నుంచి వచ్చినప్పుడల్లా మా అందరి ముందూ నవ్వేది.

దీవులకు పడవలు నడిపే మా కంపెనీ వాలు బే రేవులో ఉంది. సలసేని అక్కడ కంప్యూటర్లు చూసేది. ఆమె పక్క బల్ల నాది. నేను సరుకుల బుకింగులు రాసేదాన్ని.

ఆ ఏడు క్రిస్మస్ ముందు ఒక గొడవ మొదలైంది. కడవు దీవికి వెళ్లాల్సిన సిమెంటు బస్తాలు వారం రోజులుగా రేవులో తడుస్తుంటే, నిన్న వచ్చిన ఎవరివో పరుపులు ఇవాళే పడవెక్కేవి. బుకింగుల వరసను ఎవరో మారుస్తున్నారు. ఎవరో తెలిసే దారి లేదు. ఎందుకంటే మా డేటాబేస్ మొత్తానికీ ఉన్నది ఒకే పాస్‌వర్డ్, మా మొదటి పడవ పేరు. టీ గదిలో ఫ్రిజ్ పక్కన టేపు ముక్క మీద రాసి ఉండేది. అది తెలియనివి రేవులో కుక్కలొక్కటే.

మేనేజరు ప్రనీల్ దత్ సలసేనిని పిలిచి, ఎవరి తాళం వాళ్లకుండే ఏర్పాటు చెయ్యమన్నాడు. ఆమె రహస్యాలు దాచే సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చింది. మేం దాన్ని 'పెట్టె' అనేవాళ్లం. పని చేసుకోవాలంటే ముందు పెట్టెను అడగాలి. అది అప్పటికప్పుడు డేటాబేస్‌లో ఒక కొత్త పేరు, పాస్‌వర్డ్ పుట్టించి ఇస్తుంది. ఎవరికి ఏది ఇచ్చిందో రాసిపెట్టుకుంటుంది. గంట తర్వాత ఆ పేరును చంపేస్తుంది.

చిక్కల్లా మా డేటాబేస్‌తోనే. అది ఎప్పుడో మూతబడిన న్యూజీలాండ్ కంపెనీ ఒకటి అమ్మింది. పెట్టెకు పేరున్న డేటాబేసుల భాషలన్నీ వచ్చు, దీని భాష రాదు. రెంటి మధ్యా దుబాసీ పని చేసే ప్లగిన్ ఎవరో ఒకరు రాయాలి. పేరు పుట్టించడం, పాస్‌వర్డ్ మార్చడం, గడువు తీరాక పేరు తీసెయ్యడం, ఈ మూడూ దానికి నేర్పాలి. సలసేని ఆ డేటాబేస్‌తో వచ్చిన, సగం పేజీలు చిరిగిన పాత పుస్తకం ముందేసుకుని రెండు నెలలు కూర్చుంది. పేరు పుట్టిన ప్రతిసారీ నన్ను లోపలికి వెళ్లి చూడమనేది.

పక్క గదిలోంచి ఇసిరెలి వచ్చి వెనక నిలబడేవాడు. ఆ డేటాబేస్ వచ్చిన రోజు నుంచీ కనిపెట్టుకుని ఉన్నది ఆయనే. వయసు యాభై తొమ్మిది. సలసేనికి మేనత్త వైపు బావ వరస, కాబట్టి ఇద్దరి మధ్యా మేలాలకు కొదవ లేదు.

"ఏం మరదలా, నీ పెట్టె నాకు తాళం ఇస్తుందా, నన్నే లోపల పెట్టి తాళం వేస్తుందా?"

"నిన్ను పెడితే ఇంకేం పట్టదు బావా. ఆ పొట్ట చూసుకున్నావా?"

ఆయన నవ్వేవాడు. కానీ కళ్లు మాత్రం తెర మీదే ఉండేవి.

మార్చి మొదటి సోమవారం పెట్టెను వాడకంలోకి తెచ్చారు. సలసేని చివరగా, డేటాబేస్ యజమాని ఖాతా పాస్‌వర్డ్‌ను మార్చెయ్యమని పెట్టెకు చెప్పింది. అది మార్చేసింది.

"కొత్తదేంటి?" అన్నాడు ప్రనీల్.

"నాకు తెలీదు సార్. పెట్టెకే తెలుసు."

"రాసింది నువ్వే కదా!"

"నాకు తెలియకూడదనే అలా రాశాను."

ఆ మాట ఎవరికీ మింగుడు పడలేదు. తాళం చేసినవాడి దగ్గర మారుతాళం లేదంటే నమ్మేదెవరు? మర్నాటి నుంచి ఆమె టీ గదిలోకి రాగానే మాటలు ఆగిపోయేవి. "రేపు ఈవిడ సెలవు పెడితే పడవలు కదలవు, చూసుకో" అని పడవలో వంట చేసే ఆయన నా చెవిలో అన్నాడు. అబద్ధమెందుకు, ఆమె సంచి తెరిచి పెట్టుంటే లోపలేముందోనని నేనూ తొంగిచూశాను.

పదిహేను రోజులకు ఇసిరెలి ఒక కాగితాల కట్ట తెచ్చి ప్రనీల్ బల్ల మీద పడేశాడు. డేటాబేస్‌లో పేర్ల జాబితా అది. మేం పని చేసేది తొమ్మిది మందిమి. అందులో రెండు వందల పన్నెండు పేర్లున్నాయి, అన్నీ పలకడానికి నోరు తిరగనివే.

"ఇంతమంది దొంగల్ని ఇంట్లో పెట్టుకుని కాపురం చేస్తున్నాం సార్" అన్నాడు.

సలసేని ఆ కట్ట తీసుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చి అందరి ముందూ చెప్పింది. "తప్పు నాదే. మనలో చాలామంది తెర మూయకుండానే భోజనానికి పోతున్నారు. తెర తెరిచి ఉంటే ఈ ముసలి డేటాబేస్ పేరు తీసెయ్యదు, కానీ తీసేశాననే చెప్తుంది. నా ప్లగిన్ ఆ మాట నమ్మింది." మళ్లీ తనే, "నేను రాసింది అలా ఎలా నమ్మిందో!" అంది.

రెండు రోజుల్లో సరిచేసింది. ముందు ఆ తెరకు లంకె తెంచడం, తర్వాత పేరు తీసెయ్యడం, ఆపైన నిజంగా పోయిందో లేదో మళ్లీ వెళ్లి చూడడం. మిగిలిపోయిన పేర్లన్నీ పోయాయి, ఒక్కటి తప్ప.

ఆ సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది. "బిమ్లా, ఈ పేరు నువ్వు పెట్టావా?"

చూశాను. మిగతావాటిలాగే ఉంది. "నీ పెట్టె పెట్టిందేగా?"

"పెట్టె రాసిపెట్టుకున్నవాటిలో ఇది లేదు. పెట్టె మొదలైంది సోమవారం. ఇది అంతకుముందు శుక్రవారం పుట్టింది. అన్ని అధికారాలూ ఉన్నాయి. నా పేర్లు ఎలా ఉంటాయో అప్పటికి చూసినవాళ్లం ముగ్గురమే. నువ్వు, నేను, బావ."

నాకు ఒళ్లు మండింది. "పదేళ్లుగా ఒకే డబ్బాలో రొట్టె తింటున్నాం. నన్నా అడిగేది?"

"నిన్నే కాదు. నేనే ఏమరుపాటున చేశానేమోనని నా కంప్యూటరూ వెతికాను" అంది. అందులో క్షమాపణ లేదు, కోపమూ లేదు.

ఆమె ఆ పేరును తియ్యలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. కాపు కాసింది. గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ ఆ పేరుతో ఎవరో లోపలికి వెళ్లారు. ఏదీ ముట్టుకోకుండా నిమిషంలో బయటికి వచ్చేశారు. వెళ్లింది ఇసిరెలి కంప్యూటర్ నుంచి.

రేవు గోడ దగ్గర ఆయన ఉడికిన కర్రపెండలం తింటుంటే, నన్నూ సాక్ష్యానికి వెంటబెట్టుకుని వెళ్లి అడిగింది.

ఆయన దాచలేదు. "తలుపు ఇంకా తెరుచుకుంటుందా లేదా అని చూశాను. అంతే."

"ఎందుకు బావా?"

"పెద్ద తుఫాను వచ్చిన ఏడు నువ్వింకా ఇక్కడ చేరలేదు. పడవ సముద్రంలో ఉంది, కరెంటు లేదు. ఇదిగో, ఈ గేటు దగ్గర వందమంది ఏడుస్తున్నారు, మావాళ్లు ఎక్కారా లేదా అని. పాస్‌వర్డ్ నాకు నోటికొచ్చు కాబట్టి జనరేటర్ పెట్టి తెరిచాను. పడవెక్కినవాళ్ల ఎనభై నాలుగు పేర్లూ గట్టిగా చదివాను. ఆ రోజు నీ పెట్టె ఉండి, నువ్వు లేకపోతే?"

"నేను అక్కర్లేదు. పెట్టె ఆగిపోతే తిరిగి తెరవడానికి కాగితాల మీద రాసిన అయిదు తాళపు ముక్కలున్నాయి. ఏ మూడు కలిసినా తెరుచుకుంటుంది. అయిదుగురికి పంచమని ఇచ్చాను."

"ఎవరికిచ్చావు?"

"ప్రనీల్ సార్‌కి."

"మరి నా ముక్కేది? ఈ బిమ్లా ముక్కేది?"

సలసేని ముఖం మారిపోయింది. నేరుగా మేనేజరు గదికి నడిచింది. అయిదు కవర్లూ ఆయన సొరుగులోనే, ఒకే రబ్బరు బ్యాండు కింద ఉన్నాయి. "ఎవర్ని నమ్మాలో తేల్చుకోలేకపోయాను" అన్నాడాయన, కాస్త సిగ్గుపడుతూనే.

ఆ రోజే పంచారు. ప్రనీల్‌కొకటి, ఇసిరెలికొకటి, నాకొకటి, స్టోర్ చూసే వాసెమాకాకొకటి, పెద్ద కెప్టెన్‌కొకటి. దొంగ పేరును సలసేని బావ కళ్ల ముందే తీసేసింది. కానీ రిపోర్టులో ఆ సంగతి రాసింది, ఆయన పేరుతో సహా. వదిలెయ్యమని నేను బతిమాలాను.

"ఒక పేరు వదిలేస్తే మిగతావి ఎవరు నమ్ముతారు?" అంది.

ఇసిరెలికి హెచ్చరిక కాగితం వచ్చింది. ఉద్యోగం పోలేదు గానీ, మర్నాటి నుంచి ఆమెను "మేడం" అని పిలవసాగాడు. మా దగ్గర వరసైనవాళ్లు మేలమాడడం మానేస్తే తిట్టినదానికంటే ఎక్కువ. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు ఆమె బల్ల మీద తల పెట్టుకుని కూర్చుంటే తలనొప్పా అని అడిగాను. "లేదు, 'మేడం' వినీ వినీ" అంది.

బుకింగుల వరస మార్చింది ఎవరో ఇప్పటికీ తెలియదు. ఎవరి పేరు వాళ్లకు వచ్చాక అది దానంతటదే ఆగిపోయింది. అంటే మాలో ఒకరేనన్నమాట. టీ తాగేటప్పుడు ఒక్కొక్కసారి చుట్టూ ఉన్న ముఖాల్ని చూస్తుంటాను.

ఆ డిసెంబరులో ఇసిరెలి రిటైరై కడవులో యాంగోనా తోట వేసుకుంటానని వెళ్లిపోయాడు. పోతూ తన తాళపు ముక్క ఉన్న కవరు సలసేని చేతిలో పెట్టాడు. ఆయన ఎక్కిన పడవ రేవు బయటి పగడపు దిబ్బ దాటిందో లేదో, ఆమె మా అందర్నీ కూర్చోబెట్టి పాత ముక్కలు చెల్లకుండా చేసి, కొత్తవి పుట్టించి పంచింది.

ఈస్టర్‌కు కడవు వెళ్లినప్పుడు ఆ సంగతి ఇసిరెలికి చెప్పాను. మత్తునిచ్చే ఆ యాంగోనా వేరు రసం చిప్ప పక్కన పెట్టి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. "మంచి పని చేసింది మా మరదలు! నేను ఆ ముక్కకి కాపీ తీసుకునే వచ్చాను."

తిరిగి వచ్చాక ఆ మాట సలసేనికి చేరవేశాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె తెర మీంచి చూపు తిప్పకుండా, "ఎన్ని కాపీలట?" అంది.