పంకాకు అంటించిన లప్పం

మా చెల్లెలంటే నాకు చిన్నప్పటి నుంచీ కుళ్ళు. దాని జడ నా జడకంటే పొడుగు, దాని పెళ్ళిలో మేళం నా పెళ్ళి మేళం కంటే గట్టిగా మోగింది. అవన్నీ ఎలాగో మింగేశాను. మింగుడుపడనిది దాని మొగుడు తెచ్చిన ఇనుప పెట్టె ఒక్కటే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆళ్లగడ్డలో మా నాయనకు బుడ్డల మిల్లు ఉండేది. వేరుశనగను మా వైపు బుడ్డలంటాం. మిషను కాయలు పగలగొడితే, పక్కనున్న పెద్ద పంకా పొట్టు ఎగరగొట్టేది. అది తిరిగితే గోడలు కూడా ఊగేవి. మా ఆయన నంద్యాలలో దూది మిల్లు ఫిట్టరు. సెలవు దొరికితే చాలు, బస్సెక్కి వచ్చి ఆ పంకాకు బేరింగులు మార్చేవాడు. మార్చినవి మళ్ళీ అరిగేవి. నాయనకు కొడుకులు లేరు. ఇద్దరల్లుళ్ళలో ఒకరికి మిల్లు అప్పజెప్పాలని చూస్తున్నాడు. అది మా ఆయనకే రావాలని అహోబిలం స్వామికి మొక్కుకున్నాను.

అంతలో చెల్లెలి మొగుడు బెంగుళూరులో విమానాల కార్ఖానా పని మానుకుని దిగాడు. విమానం పంకాల వణుకు తీయడం అక్కడ అతని పని. పెట్టె యుద్ధకాలపు పాత సామాన్లలో కొన్నాడట.

"ఏందప్పా అది, రేడియోనా?" అన్నాడు నాయన.

"కాదు మామా. పంకా ఎంత వణుకుతాందో ఈ ముల్లు చెప్తాది."

"విమానాలకు కదా?"

"విమానానిదైనా బుడ్డలదైనా పంకా పంకానే మామా."

నేల అదురు తగలకుండా పెట్టెను గోనెసంచుల మీద పెట్టాడు. చిన్న డబ్బీ లాంటిది బేరింగు మీద బిగించి, దాని తీగ పెట్టెకు తగిలించాడు. తీగ కదలకుండా పట్టుకొమ్మని మా చెల్లెలికిచ్చాడు. అది కొంగు నడుముకు దోపి, హమాలీలంతా చూస్తుండగా దొరసానిలా నిలబడింది. మా ఆయన ఏనాడూ నన్నొక స్పానరు అందివ్వమని కూడా అడగలేదు.

పంకా తిప్పగానే ముల్లు చివరిదాకా పోయి కొట్టుకుంది. అతను తిరుగుతున్న ఇరుసుకు సుద్దముక్కను ఆనీ ఆననట్టు పట్టుకున్నాడు. సుద్ద అంటిన వైపు బరువెక్కువట. అంతవరకే చూశాను. ఇక చూడలేక ఇంట్లోకి వచ్చేశాను.

ఆ పైన జరిగింది నేను తర్వాత విన్నదే. సుద్ద గీతకు ఎదురు వైపు, రెక్క లోపలి అంచున లప్పం ముద్ద అంటించాడు, కిటికీ అద్దాలకు పెట్టే లప్పమే. ముల్లు కొంత దిగిందట. ముద్దను జరిపి, కాస్త చేర్చి, మళ్ళీ తిప్పాడు. సాయంత్రానికి ముల్లు మొదట్లోనే నిలిచిపోయింది. లప్పం బరువుకు సరిపడే ఇనుప బిళ్ళ నంద్యాలలో చేయించి, పండగ పోయాక రివెట్టు కొడతానని అందరితో చెప్పాడు. ఆ అందరిలో నేను లేను.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాయన చిన్నల్లుడి విస్తట్లో తన చేత్తో నెయ్యి పోశాడు. మా ఆయనకు నేను పోశాను. కొత్త ఒక వింత, పాత ఒక రోత.

మర్నాడు ఆయుధ పూజ. అమ్మ పోయినప్పటి నుంచి మిషన్లు కడిగి బొట్లు పెట్టే పని పెద్దకూతురిగా నాదే. ఆ ఇంట్లో చెల్లెలికి లేనిది నాకున్నది అదొక్కటే. పంకా మూత తీయించి, కుంకుడు రసంతో, కొబ్బరిచిప్పతో రెక్కరెక్కా గీకాను. ఒకచోట దుమ్ము పట్టిన ముద్ద తగిలింది. అమ్మవారి ముందు ఇంత మురికా అనుకుని ఒకటికి రెండుసార్లు గీకి వదిలించాను. పసుపు రాశాను, కుంకుమ పెట్టాను. నాయన గుమ్మడికాయ కొట్టాడు.

తెల్లారి పంకా తిప్పితే గోడలు ఊగాయి. ముల్లు మళ్ళీ చివరికి పోయింది. చెల్లెలి మొగుడు పంకా ఆపి లోపల తడిమి చూశాడు.

"లప్పం యాడ పోయింది?"

అందరూ నా వైపే చూశారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకముందే నోరు జారాను. "నాకేం తెలుసు, మురికనుకుంటి."

"మురికేనా అక్కా?" అంది చెల్లెలు. అంతే అంది.

మురికే. దేవుడి మీద ఒట్టు, మురికే అనుకున్నాను. కానీ నా కుళ్ళు ఊరందరికీ తెలుసు. ఒట్టేస్తే ఎవరు నమ్ముతారు? మా ఆయన కూడా తల వంచుకుని నేల చూస్తున్నాడు.

"తప్పు నాదే వదినా. నీకు గూడా ఒక మాట చెప్పింటే సరిపోయేది," అన్నాడు చెల్లెలి మొగుడు. ఆ మంచితనానికి నాకు ఇంకా మండింది. మధ్యాహ్నానికల్లా మళ్ళీ లప్పం పెట్టి ముల్లు దించాడు. దీపావళి లోపే మిల్లు అతని చేతికొచ్చింది.

"నేనైనా ఆయప్పకే ఇచ్చింటి," అన్నాడు మా ఆయన, నంద్యాల బస్సులో.

ఏటా ఆయుధ పూజకు ఆళ్లగడ్డ పోతూనే ఉన్నాను. కాటా కడుగుతాను, ఇంజను కడుగుతాను, చేటలూ జల్లెడలూ కడుగుతాను. పంకా దగ్గరికి వచ్చేసరికి చెల్లెలు నా చేతిలోంచి కొబ్బరిచిప్ప తీసుకుంటుంది.

"నువ్వు కూర్చో అక్కా. ఇది నేను కడుక్కుంటా."

ఆ రెక్కకు ఇనుప బిళ్ళ పెట్టి రివెట్టు కొట్టి ఏండ్లయింది. గునపంతో గీకినా ఊడదు. ఆ సంగతి దానికీ తెలుసు.